పది గోల్స్ ఓటమి తిన్నా పాఠం మానని రహీం మాస్టారు

జట్టు గెలిస్తే ఆటగాళ్ళ గొప్ప, ఓడితే శిక్షకుని తప్పు అనడం ఏ ఊళ్ళోనైనా మామూలే. కొత్తగా పెద్ద పోటీలకు ఎక్కిన జట్టయితే చెప్పనక్కరలేదు. నాలుగు ఆటలు పూర్తి కాకముందే శిక్షకుణ్ణి మార్చాలన్న మాట పుడుతుంది. ఈ తొందర సమంజసమా కాదా అన్న ప్రశ్నకు హైదరాబాద్ వాసి సయ్యద్ అబ్దుల్ రహీం జీవితంలో మంచి సమాధానం ఉంది.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బి.ఏ. చదివి బడిపంతులు అయ్యారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడులలో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా పొందారు. స్వయంగా ఆటగాడే అయినా ఆయనకు పేరు తెచ్చింది నేర్పడంలోని నేర్పే. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా చాలా ఏళ్ళు సేవ చేశారు.

1950లో ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షకులయ్యారు. ఆ రోజుల్లో ఫుట్‌బాల్ అంటే కలకత్తాదే పెద్దపేరు. అటువంటిది సిటీ పోలీస్ జట్టు ఆ సంవత్సరమే డ్యూరాండ్ కప్ ఫైనల్స్‌లో మోహన్ బగాన్‌ను ఓడించింది. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదు సార్లు గెలుచుకుంది.

ఆయన పద్ధతి ఆచితూచి అడుగు వేయడం. బంతిని కాళ్ళ మధ్య తిప్పుతూ ఇద్దరు ముగ్గురిని దాటుకుపోతే ప్రేక్షకులు చప్పట్లు కొడతారు. రహీం మాత్రం బంతిని అట్టే పెట్టుకోకుండా వెంటనే తోటివానికి అందించమనేవారు. ఇందుకోసం డ్రిబ్లింగ్ లేకుండా ఆడే పోటీలు పెట్టించారు. కుడికాలు వాటంగల పిల్లలకు ఎడమకాలు కూడా వశం కావాలని, వాటం లేని కాలితోనే ఆడవలసిన పోటీలు సైతం నడిపించారు.

భారత జట్టుకు కూడా ఆయనే శిక్షణ ఇచ్చారు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఇరాన్‌పై ఒక్క గోలుతో గెలిచి మనవారు బంగారు పతకం పొందారు. ఆ సంతోషం ఎంతోకాలం నిలవలేదు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తుగా ఓడిపోయారు. చలిదేశంలో మనవారిలో పలువురు బూట్లు లేకుండా వట్టికాళ్ళతో ఆడారు. ఆ యుగోస్లావియా జట్టు చివరకు వెండి పతకం గెలిచిన మాట నిజమే. అయినా పది గోల్స్ అంటే చిన్న దెబ్బ కాదు.

ఆ దెబ్బతో రహీం అధ్యాయం ముగిసిపోవలసింది. అలా జరగలేదు. సిటీ పోలీస్ జట్టు ఆయనను వదులుకోలేదు. ఆయన కూడా ఓటమికి సాకులు వెతుకుతూ కూర్చోలేదు. హెల్సింకీ తరువాత మన ఆటగాళ్ళకు బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఐరోపా జట్లు ఆడే తీరును గమనించి, జట్టును నిలబెట్టే పద్ధతిని రహీం మార్చారు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం అనే పేద కుర్రవానిలోని పనితనం కనిపెట్టి, శిక్షణకు వచ్చిపోయేందుకు సైకిలు అద్దె డబ్బులు తామే ఇచ్చారు.

1956 మెల్బోర్న్ ఒలింపిక్స్ జట్టు మళ్ళీ ఆయన చేతికి వచ్చింది. బలరాంతో పాటు హైదరాబాద్ కుర్రాళ్ళు పలువురు అందులో ఉన్నారు. ఆస్ట్రేలియాను 4-2తో వారి గడ్డమీదే ఓడించి భారత జట్టు సెమీఫైనల్స్‌కు చేరింది. ఆసియా నుంచి అంతదూరం వెళ్ళిన మొదటి జట్టు అదే. చివరకు నాలుగో స్థానం దక్కింది. 1960 రోం ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌తో సమంగా నిలిచింది.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి ఎదురయింది. థాయిలాండ్‌తో ఆడినప్పుడు బ్యాక్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఆచితూచి ఆడించే మాస్టారు అప్పుడు తెగించారు. జర్నైల్‌ను వెనుకనుంచి తీసి ముందు వరుసలో నిలబెట్టారు. సెమీఫైనల్స్‌లోను, ఫైనల్స్‌లోను జర్నైల్ గోల్ కొట్టారు. సెప్టెంబర్ 4న, లక్షమంది జనం మనకు వ్యతిరేకంగా కేకలు వేస్తుండగా, అదే కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం సాధించారు.

ఓడిన ప్రతి శిక్షకుణ్ణీ కళ్ళు మూసుకుని సమర్థించాలని దీని అర్థం కాదు. ఓటమి తరువాత ఆయన ఏం మార్చాడు, కుర్రాళ్ళకు కొత్తగా ఏం నేర్పుతున్నాడు అన్నది చూడాలి. నేర్పే శిక్షకునికి గడువు ఇవ్వడం జట్టుకే లాభం. హెల్సింకీకి, జకార్తాకు మధ్య పదేళ్ళు పట్టింది.

రహీం 1963 జూన్‌లో కన్నుమూశారు. చివరి వరకు సిటీ పోలీస్ జట్టు శిక్షకులుగానే ఉన్నారు. ఆయన పోయిన తరువాత 2023 వరకు జరిగిన ఏ ఆసియా క్రీడల్లోనూ భారత ఫుట్‌బాల్ జట్టుకు బంగారు పతకం రాలేదు.