జైలు నుంచి వచ్చాక ఆంధ్రరత్న బతుకు

చీరాల మీదుగా వెళ్లేవాళ్లకి దుగ్గిరాల గోపాలకృష్ణయ్య పేరు తెలిసే ఉంటుంది. విజయవాడలో కాంగ్రెస్ ఆఫీసుకి ఆంధ్రరత్న భవన్ అని పెట్టింది కూడా ఆయన బిరుదే. పన్నులు కట్టం అని ఊరికి ఊరే ఖాళీ చేయించిన మనిషి అనే దాకా అందరూ చెబుతారు. జైలు నుంచి బయటికొచ్చాక ఆయన ఎలా బతికారన్నది మాత్రం ఒక్క లైన్‌లో తేల్చేస్తారు.

1889 జూన్ 2న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. పుట్టిన కొన్ని రోజులకే తల్లి పోయింది, మూడో ఏట తండ్రి పోయారు. బంధువుల చేతుల్లో పెరిగారు. గుంటూరులో చదివి, బాపట్ల తాలూకా ఆఫీసులో కొన్నాళ్లు గుమస్తాగా చేసి, 1911లో స్కాట్లాండ్‌లోని ఎడింబరో వెళ్లి ఎంఏ చేశారు. అక్కడున్నప్పుడే ఆనంద కుమారస్వామితో పరిచయం అయింది. ఇద్దరూ కలిసి నందికేశ్వరుడి అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. 1917లో హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ దాన్ని అచ్చేసింది. తిరిగొచ్చాక రాజమండ్రిలోనూ, బందరు జాతీయ కళాశాలలోనూ పాఠాలు చెప్పారు కానీ ఎక్కడా ఎక్కువ రోజులు నిలవలేదు. జీతం కోసం ఒకరి కింద సర్దుకుపోయే రకం కాదాయన. ఈ స్వభావమే తర్వాత ఇంటి మీద పడింది.

చీరాల కథ అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెప్తాను. చీరాల, పేరాల రెండు ఊళ్లనీ కలిపి ప్రభుత్వం మున్సిపాలిటీ చేసింది. అంతకుముందు ఏడాదికి నాలుగు వేల రూపాయలున్న పన్ను దాదాపు నలభై వేలైంది. అక్కడున్నది ఎక్కువగా మగ్గం మీద బతికే జనం. 1921 ఏప్రిల్‌లో గాంధీ వచ్చి రెండు దార్లు చూపించారు. ఒకటి పన్ను కట్టకుండా పోరాడటం, రెండోది హిజ్రత్. ఈ మాట మన పాఠకులకి విడమర్చి చెప్పక్కర్లేదు. అంతకు ఏడాది ముందే ఖిలాఫత్ రోజుల్లో సింధ్ నుంచి, సరిహద్దు ప్రాంతం నుంచి వేలమంది ముస్లింలు అఫ్గానిస్తాన్‌కి హిజ్రత్ వెళ్లారు. చీరాల జనం రెండో దారే ఎంచుకున్నారు. పదిహేను వేల జనాభాలో పదమూడు వేలమంది దాకా మంచి ఎండాకాలంలో మున్సిపల్ హద్దు దాటి పాకలు వేసుకున్నారు. ఆ ఊరికి రామ్‌నగర్ అని పేరు పెట్టుకున్నారు. గోపాలకృష్ణయ్య తయారు చేసిన రామదండు వాలంటీర్లే అక్కడ అన్నీ చూసుకున్నారు.

అదే ఏడాది బరంపురంలో నిషేధం ఉన్నా సభలో మాట్లాడినందుకు ఆయన్ని పట్టుకున్నారు. ఏడాది శిక్ష వేసి తిరుచిరాపల్లి జైలుకి పంపారు. నడిపించే మనిషి లేడు, డబ్బు లేదు, పాకల్లో వానాకాలం గడిచింది. పదకొండు నెలల తర్వాత జనం ఇళ్లకి తిరిగొచ్చేశారు.

1922లో ఆయన విడుదలయ్యేసరికి రామ్‌నగర్ లేదు. సహాయ నిరాకరణనీ గాంధీ అప్పటికే ఆపేశారు. కాంగ్రెస్ పనుల్లో మళ్లీ తిరిగారు గానీ పాత ఊపు రాలేదు. కామర్స్ చదివిన అలవాటు కొద్దీ నాకు ఇక్కడ ఆ ఇంటి లెక్కే కనపడుతుంది. ఉద్యోగం లేదు, వచ్చే రాబడి లేదు, భార్య దుర్గాభవానీదేవి ఉన్నారు. దాని మీద క్షయ పట్టుకుంది. ఆ రోజుల్లో క్షయకి మందు లేదు. పాలు, గుడ్లు, విశ్రాంతి, మంచి గాలి, వైద్యం అంటే ఇంతే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం 1915 నుంచి ఉంది, కానీ నెలల తరబడి మంచాన ఉండి తినాలంటే వెనక ఎవరో ఒకరు ఇల్లు నడపాలి కదా. వేలమందికి పాకలు వేయించిన మనిషి పేదరికంలోనే 1928 జూన్ 10న పోయారు. అప్పటికి ముప్పై తొమ్మిదేళ్లు. మొదటి మందు స్ట్రెప్టోమైసిన్‌ని 1943లో గానీ కనిపెట్టలేదు.

చీరాల అప్పట్లో గుంటూరు జిల్లా, 1970లో ప్రకాశం, 2022 నుంచి బాపట్ల. జిల్లాలు మారినా ఈ జబ్బు జైలు గోడల మధ్య ఇంకా ఉంది. కిక్కిరిసిన గదులు, గాలి ఆడకపోవడం వల్ల బయటికంటే జైళ్లలో టీబీ చాలా ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇప్పుడు మందులు ఉచితం, మామూలు టీబీకి ఆరు నెలల కోర్సు. చిక్కల్లా విడుదల రోజు దగ్గరే వస్తుంది. బెయిల్ కాగితం చేతికొచ్చిన సంతోషంలో మందుల కాగితం అక్కడే ఉండిపోతుంది. మనిషి ఏ మిర్చి యార్డులోనో, జిన్నింగ్ మిల్లులోనో కూలికి పోతాడు, కోర్సు మధ్యలో ఆగుతుంది, జబ్బు మొండిదవుతుంది.

మీ ఇంట్లోవాళ్లు అలా వస్తుంటే జైలు ఆసుపత్రి నుంచి చికిత్స కాగితాలు, నిక్షయ్ నంబరు అడిగి తీసుకోండి. ఆ నంబరుతో దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అదే కోర్సు కొనసాగిస్తారు. తిండి కోసం చికిత్స ఉన్నన్నాళ్లూ నెలకి వెయ్యి రూపాయలు రోగి బ్యాంకు ఖాతాలో పడాలి. 2024 నవంబర్‌కి ముందు ఇది ఐదొందలు ఉండేది. ఖాతా లేకపోతే ముందు అది తెరిపించండి. ఇక మహల్లా సంఘాలు, వ్యాపారులు నిక్షయ్ మిత్రగా పేరు రాయించుకుని ఒక రోగికి నెలనెలా పప్పులు, నూనె, పాలపొడి లాంటివి ఇవ్వొచ్చు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడిగితే వివరం చెబుతారు.