రహీం సాహెబు

ఉప్పల్ నుండి అంబర్‌పేట మీదుగా హైదరాబాదు నగరంలోనికి వచ్చేవారికి కాచిగూడ, చాదర్‌ఘాట్ చిరపరిచితములే. ఆ ప్రాంతపు బడులలో ఒకప్పుడు పాఠములు చెప్పిన ఉపాధ్యాయుడే భారత ఫుట్‌బాల్ జట్టును రెండు పర్యాయములు ఆసియా విజేతగా నిలిపినాడన్న సంగతి నేటి విద్యార్థులలో ఎందరెరుగుదురో!

సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించినారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడి జట్టులో ఆడినారు. ఉపాధ్యాయ వృత్తి చేపట్టిన పిమ్మట వ్యాయామ విద్యలో డిప్లొమా పొందినారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శియై, కడవరకు ఆ పదవిలోనే ఉన్నారు.

ఆ కాలమున మన ఆటగాడికి బంతి చిక్కినదంటే, ఎదుటివారిని తప్పించుకొంటూ ఒంటరిగా పరుగెత్తడమే ఘనత. చప్పట్లు కూడా దానికే. రహీం ఈ మోజును మందలింపులతో మాన్పించబోలేదు. ఆటలోనే దానికి విరుగుడు పెట్టినారు. బంతిని ఎవరూ తమవద్ద నిలుపుకొని నడిపించరాదన్న నియమంతో కొన్ని పోటీలు జరిపించినారు. వాటము లేని కాలితోనే తన్నవలెనన్న నియమంతో మరికొన్ని. పిల్లవాడు ఏ లెక్కకు జంకుతాడో ఆ లెక్కనే పదిమార్లు చేయించే పంతులు పద్ధతి ఇది. ఫలితం దక్కకపోలేదు. వారి శిక్షణలో హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్స్ కప్పును గెలుచుకొన్నది.

1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో ఇరాన్‌ను 1-0తో ఓడించి భారత్ స్వర్ణం గెలిచింది. మరుసటి యేడే హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా చేత 10-1 పరాభవం! ఆ చలిలో మనవారిలో పలువురు వట్టికాళ్లతో ఆడినారు. తరువాత బూట్లు తప్పనిసరి అయినవి. 1956లో మెల్‌బోర్న్‌లో నెవిల్ డిసౌజా మూడు గోల్సు చేయగా ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి, ఒలింపిక్ సెమీఫైనలు చేరిన తొలి ఆసియా జట్టుగా భారత్ నిలిచింది. చివరికి దక్కినది నాలుగవ స్థానం.

1962 నాటికి రహీం ఆరోగ్యం క్షీణించింది. అయినా జట్టుతో జకార్తా వెళ్లినారు. తొలి పోటీలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2 ఓటమి. తరువాతి పోటీలో రక్షణపంక్తికి మూలస్తంభమైన జర్నయిల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడినవి. ఇజ్రాయెల్, తైవాన్‌లను క్రీడలకు రానీయనందుకు భారత ప్రతినిధి సోంధీ అభ్యంతరం తెలుపగా, స్థానికులు మనవారిపై ఆగ్రహించినారు. ఇన్ని చిక్కుల నడుమ రహీం చేసిన పని సాహసమే: కుట్లతోనున్న జర్నయిల్‌ను వెనుకనుండి తీసి ముందుపంక్తిలో నిలిపినారు! సెప్టెంబరు 4న ఫైనలులో, జనసముద్రం హేళన చేస్తుండగా, పి.కె. బెనర్జీ ఒక గోలు, ఆ జర్నయిలే మరొకటి చేసినారు. అదే కొరియాపై 2-1 విజయం.

తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, ఊపిరితిత్తుల కాన్సరుతో రహీం కన్నుమూసినారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం భారత్‌కు మరల దక్కలేదు. 1970లో బ్యాంకాకులో కాంస్యం లభించింది. ఆ జట్టును తీర్చిదిద్దిన శిక్షకులలో ఒకరు, జకార్తాలో గోలు చేసిన బెనర్జీయే.