మొదటి ఆడ ఇంజనీరు లలిత గారు



మా అక్క అశోక్‌నగర్‌లో రూంలో ఉండి, నారాయణగూడలో ఇంటర్ చదివింది. ఇప్పుడు ఇంజనీరింగ్ ఉస్మానియాలో చేరాలా, జేఎన్‌టీయూలో చేరాలా అని తేల్చుకోలేకపోతుంది. సెలవుల్లో నన్ను చిక్కడపల్లి గ్రంథాలయానికి తీసుకుపోయింది. అక్కడ లలిత గారి గురించి చదివిన.

అయ్యలసోమయాజుల లలిత గారు 1919లో మద్రాసులో తెలుగు ఇంట్లో పుట్టారు. 15 ఏళ్లకే పెళ్లి చేసినారు. 18 ఏళ్లకు భర్త చనిపోయారు. అప్పుడు చేతిలో నాలుగు నెలల పాప. అయినా చదువుకోవాలని గట్టిగా అనుకున్నారు. డాక్టరైతే అర్ధరాత్రి కూడా పోవాలె, పాపకు కష్టం అని ఇంజనీరింగ్ ఎంచుకున్నారు.

గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో అప్పటిదాకా ఆడపిల్లలే లేరు. నాన్న సుబ్బారావు గారు అక్కడే ప్రొఫెసరు. ఆయన అడిగితే 1940లో సీటు ఇచ్చినారు. తర్వాత ఇంకో ఇద్దరు అమ్మాయిలు చేరినారు. పట్టా కాగితంలో అతడు అని అచ్చయి ఉంటే, కొట్టేసి ఆమె అని రాసినారు! తర్వాత భాక్రా నంగల్ డ్యాం కరెంటు లైన్ల పని చేశారు. 1964లో మహిళా ఇంజనీర్ల సభకు న్యూయార్క్ పోయినారు. 1979లో చనిపోయారు.

ఇదంతా చెప్తే అక్క చాలాసేపు మాట్లాడలేదు. కాలేజీ పేరు ఎంత పెద్దదో చూడడం మానేసింది. ఏ బ్రాంచి ఇష్టం, హాస్టలు దొరుకుతదా, ఖర్చెంత అని కాగితం మీద రాసుకుంటుంది. రేపు నేను కూడా అట్లనే రాసుకుంటాను.

— 9వ తరగతి విద్యార్థిని