జనరల్ గ్రాంటును పట్టిన రాచపుండు



1884వ సంవత్సరము జూన్ నెలలో, అమెరికా దేశమున లాంగ్ బ్రాంచి అను సముద్రతీర గ్రామములో, ఒక వృద్ధ సేనాని భోజనపు బల్లయొద్ద కూర్చుండి పీచు పండు కొరికెను. మ్రింగగానే గొంతులో భరింపరాని నొప్పి లేచెను. పండులో పురుగేదో ఉండి కుట్టినదనుకొనెను. నీళ్లు త్రాగగా ఆ నీళ్లును నిప్పువలె కాల్చెను. ఈయనే యులిసిస్ గ్రాంటు. అమెరికా అంతర్యుద్ధములో ఉత్తర సేనలను గెలిపించి, 1869 మొదలు 1877 వరకు ఆ దేశమునకు అధ్యక్షుడుగా ఉండినవాడు. 1879లో మన దేశమునకును వచ్చి బొంబాయి, ఆగ్రా, కలకత్తా మొదలగు పట్టణములు చూచి వెళ్లెను.

ఈయన 1822 ఏప్రిల్ 27న ఒహాయో రాష్ట్రములో పుట్టెను. తండ్రి తోళ్లు పదును చేయువాడు. తల్లి హన్నా మెథడిస్టు సంఘమునకు చెందిన మితభాషిణి. సైనిక పాఠశాలలో చదివి, మెక్సికో యుద్ధమునకు పోయి వచ్చి, 1848లో జూలియాను వివాహమాడెను. ఆమె దగ్గరనున్నంత కాలము ఆయనకు త్రాగుడు పెద్ద చిక్కు కాలేదు. సాకెట్స్ హార్బరు దండులో నుండగా మద్యనిషేధ సంఘములో చేరి ప్రమాణము కూడ చేసెను. కాని 1852లో ఆయన దళమును పసిఫిక్ తీరమునకు పంపిరి. భార్యను తీసికొనిపోవుటకు జీతము చాలదు. రెండవ కుమారుడు పుట్టిన సంగతి ఉత్తరము ద్వారా తెలిసినదే గాని బిడ్డ మొగము చూడలేదు. వాన, మంచు, ఒంటరితనము. అక్కడ సీసా ఆయనకు తోడు దొరికెను. కొంచెము త్రాగినను తల తిరిగి మాట తడబడు శరీరము ఆయనది. 1854 ఏప్రిల్‌లో ఉద్యోగమునకు రాజీనామా ఇచ్చెను. తరువాత అత్తవారి ఊరిదగ్గర సేద్యము చేసెను. కట్టెలు కొట్టి సెయింట్ లూయీ వీధులలో అమ్మెను. 1857లో క్రిస్మస్ రెండు దినములుందనగా తన గడియారమును 22 డాలర్లకు కుదువపెట్టెను. మన పల్లెలలో పండుగ ముందు దండెకడియములు షావుకారు ఇంటికి పోవుట చూచినవారికి ఈ కథ క్రొత్తది కాదు.

1861లో యుద్ధము వచ్చినది. ఆయనను లేవనెత్తినది యుద్ధమే. అయితే ఆ సంవత్సరములలో ఆయనను కాచిన మనుష్యుడొకడుండెను, పేరు జాన్ రాలిన్స్. ఇతని తండ్రి త్రాగుబోతు; ఆ ఇంటి లేమి ఎట్టిదో బాల్యమునుండి ఎరిగినవాడు. 1863 జూన్‌లో విక్స్‌బర్గు ముట్టడి నడుచుచుండగా, గ్రాంటు గుడారము దగ్గర ద్రాక్షారసపు సీసాలు చూచి, అర్ధరాత్రి దాటిన తరువాత కూర్చుండి తన అధికారికే గద్దింపు ఉత్తరము వ్రాసెను. పై అధికారి కోపగించి పంపివేయవచ్చును. గ్రాంటు పంపివేయలేదు, చివరివరకు దగ్గరనే ఉంచుకొనెను. ఇటువంటి స్నేహితుడు సంఘమునకు ఒక్కడున్నను ఎన్ని ఇండ్లు నిలుచునో గదా!

త్రాగుడును గూర్చి ఇంత కావలి ఉండెను గాని చుట్టను గూర్చి ఏ కావలియు లేకపోయెను. 1862 ఫిబ్రవరిలో డోనెల్సన్ కోట పట్టుకొనినప్పుడు ఆయన చేతిలో చుట్ట ఉన్నదని పత్రికలు వ్రాసెను. అభిమానులు పెట్టెలు పెట్టెలుగా, సుమారు 10,000 చుట్టలు పంపిరి. పంచిపెట్టగా మిగిలినవి తానే కాల్చెను. అది మొదలు నోట చుట్ట లేని దినము లేదు.

ఇక్కడ కొంచెము ఆగుదము. గ్రాంటు వైద్యులు చుట్టనే నిందించిరి, అది సరియే. మద్యము కూడ రాచపుండునకు కారణమని ఆ దినములలో ఎవరికిని నిశ్చయముగా తెలియదు. 1988లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధనా సంస్థ మద్యమును మనుష్యులకు నిశ్చయముగా కాన్సరు కలిగించు వస్తువుల వరుసలో చేర్చెను. పొగాకు ఉన్న వరుసయు అదే. త్రాగిన సారము శరీరములో ఎసిటాల్డిహైడ్ అను విషముగా మారి, కణముల లోపలనున్న జీవపు వ్రాతను చెరుపును. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, కాలేయము, పెద్దప్రేగు, స్త్రీల రొమ్ము—ఈ తావులలో దానివలన కాన్సరు రావచ్చును. త్రాగుడును పొగయు కలిసిన చోట నోటికిని గొంతునకును కలుగు అపాయము రెండింటిని కూడినంత కాదు, హెచ్చవేసినంత అగును. సీమబ్రాందీ అయినను, సారా అయినను, మన తాటికల్లు అయినను, అందులోని సారము ఒక్కటే. ఇంత త్రాగిన భయము లేదని చెప్పదగిన కొలత లేదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించెను. విశాఖ, శ్రీకాకుళము తీరములలో అడ్డపొగ త్రాగు మన తల్లులు సాయంకాలము కల్లు కూడ పుచ్చుకొనినయెడల ఈ మాట వారికి మరి దగ్గరది.

తిమోతికి పౌలు వ్రాసిన మాటను నాకు చూపు సహోదరులు ప్రతి సంఘములోను ఉన్నారు. కడుపు జబ్బుతోనున్న యౌవనుడు కొంచెము పుచ్చుకొనవలెనని అక్కడ ఉన్నది. దుకాణము తలుపు మూయువరకు కూర్చుండుమని లేదు. సామెతల గ్రంథము 23వ అధ్యాయము కూడ చదువుడని వారికి చెప్పుచుందును. అందులో మద్యము మొదట నున్నగా దిగి, తుదకు పామువలె కరచును.

గ్రాంటు కథకు వత్తము. జూన్‌లో నొప్పి వచ్చినది. గొంతు వైద్యుడైన డగ్లస్ నొద్దకు అక్టోబరులో పోయెను. నాలుగు నెలలు! ఆ మే నెలలోనే ఆయన పెట్టుబడి పెట్టిన వ్యాపారము ఒక భాగస్థుని మోసమువలన కూలి, కుటుంబము చేతిలో చిల్లర మిగిలినది. ఆ దిగులులో గొంతును లెక్కచేయలేదు. మా గ్రామములోను ఒక పెద్ద నాలుకక్రింది పుండునకు లవంగ తైలము రాచుకొనుచు ఒక పంటకాలమంతయు గడిపెను. రెండు వారములలో మానని నోటి పుండును, విడువని బొంగురుపాటును వైద్యునికి చూపవలెను.

నాలుక మొదట పుట్టిన పుండు వ్యాపించెను. మంచినీరు మ్రింగుటయే బాధ. పండుకొనిన ఊపిరాడక, రెండు తోలు కుర్చీలు ఎదురెదురుగా వేయించుకొని కూర్చుండియే నిద్రించెను. 1885 ఏప్రిల్ మొదటి దినములలో చనిపోవుచున్నాడనుకొని మెథడిస్టు బోధకుడు న్యూమన్ బాప్తిస్మమిచ్చెను. అదే రాత్రి వైద్యులు సూదితో బ్రాందీ ఎక్కించిరి. ఆ కాలపు వైద్యము అటువంటిది. రోగి తేరుకొనెను. ప్రార్థనవలననా బ్రాందీవలననా అని జనులు వాదించుకొనిరి.

విధవరాలు కాబోవు జూలియాకు అప్పు మిగల్చకూడదని ఆయన తన జీవితచరిత్ర వ్రాయ మొదలుపెట్టెను. మాట పోయిన తరువాత చిన్న కాగితములమీద పెన్సిలుతో వ్రాసి చూపెను. తన త్రాగుడును గూర్చి మాత్రము ఆ గ్రంథములో ఏమియు చెప్పలేదు. జూన్‌లో మెక్‌గ్రెగరు కొండమీది ఇంటికి చేర్చగా, వరండాలో శాలువ కప్పుకొని కూర్చుండి పని ముగించెను. తరువాత కొద్ది దినములకే, జూలై 23 ఉదయము, 63 ఏండ్ల ప్రాయమున కన్నుమూసెను. ప్రచురించినవాడు మార్క్ ట్వేను. ఆ రెండు సంపుటములవలన జూలియాకు 4,00,000 డాలర్లకు పైగా చేరెను.