డాక్టరు మహేంద్రలాల్ సర్కార్

వంగదేశమున హౌరా ప్రాంతమందు 1833లో జన్మించిన మహేంద్రలాల్ సర్కార్ బాల్యముననే తలిదండ్రులను గోల్పోయి, మేనమామల యింట పెరిగి, 1863లో వైద్యశాస్త్రమున యం.డి. పట్టమందెను. పిమ్మట హోమియోపతిని బహిరంగముగా సమర్థించి తోడివైద్యులచే వెలివేయబడెను. ఆ కథ వేరు.

భారతీయులు శాస్త్రమును చదువుటయే గాక స్వయముగా పరిశోధింపవలెననియు, అందులకు స్వజనుల ధనముతో, స్వజనుల యాజమాన్యమున నడచు సంస్థ యుండవలెననియు ఆయన 1869లో ప్రకటించెను. చందాలు కూడుటకు ఏడేండ్లు పట్టెను. ఇంతలో కొందరు పెద్దలు చేతిపనులు నేర్పు పాఠశాలయే దేశమునకు కూడు పెట్టునని వాదించిరి. ఆ వాదము త్రోసివేయదగినది కాదు. అయినను మూలశాస్త్రము నెరుగని పనితనము పరుల యనుకరణమే యగునని సర్కార్ పట్టు విడువలేదు. 1876లో కలకత్తా బౌబజారు వీథిని భారతీయ విజ్ఞాన సంవర్ధక సంఘము వెలసెను. దాని నిర్వహణమున దొరతనమువారి పెత్తన ముండరాదనుట ఆయన నియమము.

ఆ నియమమునకు వెల గట్టిగానే చెల్లింపవలసివచ్చెను. కట్టడములకు దాతలు దొరకిరి. ఆంధ్రదేశమునుండి విజయనగర మహారాజావారు ప్రయోగశాలకు ద్రవ్య మొసగగా అది వారి పేరనే వెలసెను. గోడపై దాత పేరు చెక్కవచ్చును. ఆచార్యుని నెలజీతముపై నెట్లు చెక్కుట? నిత్యపరిశోధనకు ఆచార్యులను నిలుపుటకు వలసిన మూలధనము కూడనే లేదు. ఉపన్యాసములు సాగినవి, పరిశోధన అంతంతమాత్రము. సంపన్నులయెడ నిరాశ చెంది 1904లో ఆయన కన్నుమూసెను.

కుమారుడు అమృతలాల్ సంఘమును నిలబెట్టెను. 1907లో ప్రభుత్వ ఆర్థికశాఖలోని లెక్కల ఉద్యోగి చంద్రశేఖర వేంకటరామన్ ఆ భవనమున కాలిడి, కచేరీవేళలకు ముందు వెనుకల ప్రయోగములు సాగించెను. జీతము ఖజానాది, పరికరములు సంఘమువి. 1928 ఫిబ్రవరిలో రామన్ ఫలితము బయల్పడినది బౌబజారులోని ఆ యింటనే.