దక్షిణపు కొసన ఒక సాక్షి

ధ్యాన భాగము: 62వ కీర్తన 5–8

ఇంట గింజలు నిండుకొనిన దినమున దేవుడు మనలను విడిచెనేమో యని తలంచుదుము. అట్టి వేళ అలెన్ గార్డినర్ దొరగారిని మనము జ్ఞాపకము చేసికొందము.

ఆయన 1794 లో ఇంగ్లాండులో జన్మించి, యుద్ధనౌకలలో అధికారిగా పని చేసెను. తరువాత సువార్త వినని జనుల కొరకు తన్ను అప్పగించుకొని, 1844 లో పటగోనియా మిషనును స్థాపించెను.

దక్షిణ అమెరికా కొసన తియెర్రా దెల్ ఫ్యూగో అను ద్వీపములు గలవు. అక్కడ చలిగాలులును తుపానులును మెండు. అయినను ఆ సముద్రము తిమింగిలములతోను, సముద్రసింహములతోను, పెంగ్విను పక్షులతోను నిండియున్నది. యామన అను జనులు పడవలలో వేటాడి అచ్చట బ్రదుకుచుండిరి.

1850 సెప్టెంబరులో గార్డినర్ ఆరుగురు సహోదరులతో లివర్‌పూల్ రేవు విడిచి, డిసెంబరులో పిక్టన్ ద్వీపము చేరెను. వారిలో ఒక వైద్యుడు, ఒక ఉపదేశి, ఒక వడ్రంగి, ముగ్గురు జాలరులు ఉండిరి. వారిని దింపిన ఓడ వెళ్లిపోయిన పిమ్మట, తుపాకిమందు దానిలోనే మిగిలినదని తెలిసెను. యామనులు తమ్మును నెమ్మదిగా ఉండనీయనందున వారు స్పానియార్డ్ రేవునకు తొలగిరి. మంచుగడ్డలకు వల చినిగెను. ఆహారము తేవలసిన ఓడ సమయమునకు రాలేదు. చుట్టును పక్షులు గుంపులుగా ఎగురుచుండగా, వారు ఆకలితో కృశించిరి.

అయినను ఆయన సణుగుకొనలేదు. గుహ యొద్ద బండమీద పై కీర్తన అంకెలను రంగుతో వ్రాసి, చేతి గుర్తు వేసిరి. తన దినచర్య పుస్తకములో ఆయన కడవరకు దేవుని కృపను కొనియాడెను. 1851 సెప్టెంబరు మొదటి వారములో ఆ వ్రాత ఆగెను. ఏడుగురును మరణించిరి.

మందు మరచుట పొరపాటే. విశ్వాసము జాగ్రత్తను కొట్టివేయదు. విత్తనము దాచుకొనియే మనము వాన కొరకు ప్రార్థింతుము గదా.

ఆ పని నిలిచిపోలేదు. 1859 లో వూలాయాలో ఎనమండుగురు చంపబడిరి. అయినను థామస్ బ్రిడ్జెస్ యామన భాష నేర్చుకొని, ఉషువాయలో కాపురముండెను. 1881 లో లూకా సువార్త ఆ భాషలో అచ్చయ్యెను. పిమ్మట బయటనుండి వచ్చిన రోగములచేత యామనులు అనేకులు నశించిరి. ఆ దుఃఖమును మనము దాచరాదు.

ప్రియులారా, ఆకలి దేవుడు విడిచిన గుర్తు కాదు. ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఆ నాలుగు వచనములు చదువుడి. పొయ్యి వెలుగని పొరుగింటిని కూడ ఆ ప్రార్థనలో తలంచి, మీ గంజిలో పాలు పంచుడి.