బార్‌కోడ్ పుట్టింది ఇసుకలో.. 15 వేల డాలర్లకే అమ్మేసిన ఇంజినీర్ కథ ఇదీ!

సబ్బు, బిస్కెట్ ప్యాకెట్, మందుల డబ్బా.. ఏది తీసుకున్నా వెనకాల నల్ల గీతలు కనిపిస్తాయి. కౌంటర్‌లో బీప్ అనగానే బిల్లులో ఎక్కేస్తుంది. ఓడలెక్కి దేశాలు దాటే సరుకుకైనా ఇవే గుర్తింపు. ఈ గీతల ఆలోచన మొదట వచ్చింది అమెరికా ఇంజినీర్ నార్మన్ జోసెఫ్ వుడ్‌ల్యాండ్‌కు. కానీ దాని పేటెంట్ అమ్మితే ఆయనకూ, ఆయన స్నేహితుడికీ కలిపి వచ్చింది 15 వేల డాలర్లే. ఇంతకీ ఏం జరిగింది?

స్కౌట్‌లో నేర్చిన విద్య

వుడ్‌ల్యాండ్ 1921 సెప్టెంబర్ 6న న్యూజెర్సీలోని అట్లాంటిక్ సిటీలో పుట్టారు. చిన్నప్పుడు బాయ్ స్కౌట్స్‌లో చేరి మోర్స్ కోడ్ నేర్చుకున్నారు. చుక్కలు, గీతలతో అక్షరాలు పంపే పద్ధతి అది. రెండో ప్రపంచ యుద్ధ సమయంలో అణుబాంబు తయారీకి సంబంధించిన మన్‌హట్టన్ ప్రాజెక్టులో, ఓక్ రిడ్జ్‌లో పనిచేశారు. యుద్ధం అయ్యాక ఫిలడెల్ఫియాలోని డ్రెక్సెల్ విద్యాసంస్థలో 1947లో మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తి చేశారు.

చదువుకునే రోజుల్లోనే లిఫ్టుల్లో వినిపించే సంగీతానికి ఓ కొత్త విధానం తయారు చేశారు. దాన్ని వ్యాపారంగా మారుద్దామనుకుంటే తండ్రి వద్దన్నారు. ఆ వ్యాపారమంతా మాఫియా చేతుల్లో ఉందని ఆయన నమ్మకం. దాంతో వుడ్‌ల్యాండ్ మళ్లీ డ్రెక్సెల్‌కే వచ్చి పైచదువుల్లో పడ్డారు. కథ మలుపు తిరిగింది అక్కడే.

చెవిన పడ్డ ఒక్క మాట

1948లో ఓ కిరాణా స్టోర్ల సంస్థ అధిపతి డ్రెక్సెల్‌కు వచ్చారు. కౌంటర్‌లో సరుకు వివరాలు వాటంతటవే నమోదయ్యే పద్ధతి కనిపెట్టమని అక్కడి డీన్‌ను అడిగారు. అప్పట్లో ప్రతి వస్తువు ధరనూ చేత్తో కొట్టాల్సిందే. డీన్ ఒప్పుకోలేదు. కానీ ఆ మాట బెర్నార్డ్ సిల్వర్ అనే విద్యార్థి చెవిన పడింది. ఆయన వెళ్లి స్నేహితుడు వుడ్‌ల్యాండ్‌కు చెప్పారు.

ఇద్దరూ ముందు అతినీలలోహిత కాంతికి మెరిసే సిరాతో ప్రయత్నించారు. ఖర్చు ఎక్కువ, పైగా సిరా వెలిసిపోయేది. అయినా వుడ్‌ల్యాండ్ వదల్లేదు. డ్రెక్సెల్ మానేసి, ఫ్లోరిడాలోని మయామీ బీచ్‌లో ఉన్న తాతగారింటికి వెళ్లిపోయారు. 1949 జనవరిలో ఒకరోజు సముద్రం ఒడ్డున కూర్చుని, మోర్స్ కోడ్ గురించి ఆలోచిస్తూ ఇసుకలో వేళ్లు గుచ్చి కిందికి లాగారు. చుక్కలు సన్న గీతలయ్యాయి, మోర్స్ గీతలు లావు పట్టీలయ్యాయి. బార్‌కోడ్ మూలసూత్రం అంతే!

ఏ వైపు నుంచైనా చదవగలిగేలా ఆ గీతల్ని గుండ్రంగా చుట్టి, బాణాల బోర్డులా డిజైన్ చేశారు. 1949 అక్టోబర్ 20న దరఖాస్తు చేస్తే 1952 అక్టోబర్ 7న పేటెంట్ వచ్చింది.

కాలం కలిసి రాలేదు

ఆలోచన సరే, చదివే యంత్రమేది? వాళ్లు చేసిన నమూనా బల్లంత ఉండేది. అందులో 500 వాట్ల బల్బు.. ఆ వేడికి కాగితం పొగలు కక్కేది. చవకైన లేజర్, చిన్న కంప్యూటర్ రెండూ అప్పటికి లేవు. 1951లో ఐబీఎంలో చేరిన వుడ్‌ల్యాండ్, తన సంస్థకు దీనిపై ఆసక్తి కలిగించాలని చూశారు. ఫలితం దక్కలేదు. చివరికి పేటెంట్‌ను ఫిల్కో కంపెనీకి 15 వేల డాలర్లకు అమ్మేశారు. అది తర్వాత ఆర్‌సీఏ చేతికి వెళ్లింది.

సిల్వర్ 1963లో 38 ఏళ్లకే కన్నుమూశారు. పేటెంట్ గడువు 1969లో ముగిసింది. తమ ఆలోచన దుకాణంలో పనిచేయడం సిల్వర్ చూడనే లేదు.

1974.. మొదటి బీప్

1970ల మొదట్లో అమెరికా కిరాణా కంపెనీలన్నీ కలిసి ఒకే కోడ్ కోసం వెతికాయి. ఆర్‌సీఏ గుండ్రటి గుర్తుతో వచ్చింది. ముద్రించేటప్పుడు సిరా అలుక్కుపోవడం దానికి పెద్ద తలనొప్పి. ఐబీఎంలో జార్జ్ లారర్ నిలువు గీతల డిజైన్ చేశారు. సిరా పాకినా గీత పొడవు పెరుగుతుందే తప్ప వెడల్పు మారదు. ఆ ప్రాజెక్టులో వుడ్‌ల్యాండ్ కూడా పాలుపంచుకున్నారు. 1973 ఏప్రిల్ 3న ఆ డిజైనే ఎంపికైంది. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రం ట్రాయ్‌లోని మార్ష్ సూపర్‌మార్కెట్‌లో తొలి వస్తువు స్కాన్ అయింది. అది రిగ్లీ చూయింగ్ గమ్!

890 ఉంటే ఇండియాలో తయారైనట్టేనా?

అమెరికా కోడ్‌లో 12 అంకెలు. 1977లో యూరప్ దేశాలు దాన్ని 13 అంకెలు చేశాయి. ఇప్పుడు జీఎస్‌1 సంస్థ ప్రపంచమంతటా ఈ నంబర్లు చూస్తోంది. భారత్ విభాగం ఇచ్చే నంబర్లు 890తో మొదలవుతాయి. దీనిపై వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లు తప్పు. మొదటి మూడు అంకెలు నంబర్ ఏ దేశ విభాగం ఇచ్చిందో చెబుతాయి, సరుకు ఎక్కడ తయారైందో కాదు. అది తెలియాలంటే లేబుల్ చదవాల్సిందే. ధర కూడా గీతల్లో ఉండదు, అది షాపు కంప్యూటర్‌లో ఉంటుంది.

చివరి అంకె తప్పుల్ని పట్టేస్తుంది. ఉదాహరణకు 8901234567890 తీసుకోండి. మొదటి 12 అంకెల్లో బేసి స్థానాల మొత్తం 28. సరి స్థానాల మొత్తం 34, దాన్ని మూడుతో గుణిస్తే 102. రెండూ కలిపితే 130, పదితో సరిగ్గా భాగించబడుతుంది కాబట్టి చివరి అంకె సున్నా.

ఆవకాయ, కారం పొడి విదేశాలకు పంపేవాళ్లకు ఇది పనికొచ్చే విషయమే. 2005 నుంచి అమెరికా, కెనడా స్టోర్లు కూడా 13 అంకెల కోడ్‌ను చదివేలా మారాయి. సీసాకో నంబర్, అట్టపెట్టెకు 14 అంకెల నంబర్, ఓడలో వెళ్లే ప్రతి పెద్ద లోడుకు విడిగా 18 అంకెల నంబర్ ఉంటాయి. పావు కిలో, అర కిలో సీసాలకు ఒకే నంబర్ వాడితే కుదరదు, దేనికది వేరే.

ఆలస్యంగా వచ్చిన గుర్తింపు

వుడ్‌ల్యాండ్ 1987లో ఐబీఎం నుంచి రిటైరయ్యారు. 1992లో అధ్యక్షుడు జార్జ్ బుష్ సీనియర్ చేతుల మీదుగా నేషనల్ మెడల్ ఆఫ్ టెక్నాలజీ అందుకున్నారు. 2011లో అమెరికా ఆవిష్కర్తల హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు, పక్కనే సిల్వర్ పేరు చేరాయి. అప్పటికి స్నేహితుడు పోయి 48 ఏళ్లు. మరుసటి ఏడాది, 2012 డిసెంబర్ 9న, 91 ఏళ్ల వయసులో న్యూజెర్సీలోని ఎడ్జ్‌వాటర్‌లో వుడ్‌ల్యాండ్ కన్నుమూశారు.